యుద్ధంలో చంపడం ఎప్పుడు హత్య అవుతుంది? సైనికులపై విచారణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం వాళ్లకు సైన్యం ఎక్కడో సరిహద్దులో ఉండే విషయం కాదు. తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన స్థావరం ఈ ఊళ్లోనే ఉంది. మల్కాపురం, సింధియా వైపు ఏ వీధిలోకి వెళ్లినా నేవీలోనో డాక్‌యార్డులోనో పనిచేసినవారి ఇల్లు ఒకటైనా తగులుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరే కుర్రాళ్లు చాలామంది రైలెక్కేది కూడా ఇక్కడే. నేను ఈ ఊళ్లో న్యాయవాదిని. న్యాయ విద్యార్థులు, మాజీ సైనికుల కుటుంబాలు కూర్చున్న సభల్లో యుద్ధ నియమాల గురించి మాట్లాడినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని, నేను ఇచ్చే జవాబులను ఇక్కడ రాశాను. చట్టం చెప్పేదాన్ని చట్టంగా, నా అభిప్రాయాన్ని అభిప్రాయంగా విడదీసి చెప్పడానికి ప్రయత్నించాను.

యుద్ధంలో శత్రువును చంపడం నేరం కానప్పుడు సైనికుడి మీద హత్య కేసు ఎలా పెడతారు?

పోరాడుతున్న శత్రు సైనికుడిని చంపే అధికారాన్ని యుద్ధచట్టం సైనికుడికి ఇస్తుంది. ఆ పని చేసినందుకు అతడిని ఏ దేశమూ హంతకుడిగా బోనెక్కించకూడదు. అతడు శత్రువు చేతికి చిక్కితే యుద్ధఖైదీగా చూడాలి, యుద్ధం ముగిశాక ఇంటికి పంపాలి. అయితే ఈ అధికారానికి హద్దు ఉంది. ఆ హద్దు సైనికుడి కోపంలోనో, దేశభక్తిలోనో, శత్రువు అంతకుముందు చేసిన దుర్మార్గంలోనో లేదు. తూటా తగిలే క్షణంలో ఎదుటి మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నదే ఆ హద్దు.

ఆయుధం పడేసి చేతులెత్తినవాడు, గాయపడి ఇక పోరాడలేనివాడు, స్పృహ తప్పినవాడు, బందీగా చిక్కినవాడు, మునిగిన ఓడ నుంచి నీళ్లలో పడ్డవాడు, పోరులో పాలుపంచుకోని సాధారణ పౌరుడు, క్షతగాత్రులకు సేవ చేసే డాక్టరు, నర్సు: వీరిలో ఎవరినైనా తెలిసి, కావాలని చంపితే అది హత్యే. అయిదు నిమిషాల ముందు అదే మనిషి మీ మీద కాల్పులు జరుపుతూ ఉండి ఉండవచ్చు. అప్పుడు అతడిని చంపడం చట్టబద్ధం. ఇప్పుడు అతడు రక్తం కారుతూ పడి ఉన్నాడు, తుపాకీ చేతికి అందనంత దూరంలో ఉంది. ఇప్పుడు చంపితే నేరం. అతడే మళ్లీ చెయ్యి చాచి గ్రెనేడ్ అందుకోబోతే ఆ రక్షణ పోతుంది. చట్టం సైనికుడి నుంచి కోరేది ఈ తేడాను చూడగలగడం. ఎంత కష్టమైన పనైనా, శిక్షణ పొందిన సైనికుడిని ఆయుధం పట్టిన గుంపు నుంచి వేరుచేసేది ఇదొక్కటే.

ఈ నియమాలు ఎవరు పెట్టారు? మనకు ఎందుకు వర్తిస్తాయి?

1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర జరిగిన పోరు తరువాత వేలాది క్షతగాత్రులు దిక్కులేక పడి ఉండటాన్ని హెన్రీ డ్యూనాంట్ అనే స్విస్ వ్యాపారి చూశాడు. ఆయన పూనికతో 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత 1949లో నాలుగు జెనీవా ఒప్పందాలు కుదిరాయి: నేల మీద గాయపడిన సైనికులకు ఒకటి, సముద్రంలో గాయపడినవారికి, ఓడ మునిగినవారికి రెండోది, యుద్ధఖైదీలకు మూడోది, శత్రువు అధీనంలో ఉన్న పౌరులకు నాలుగోది. ప్రపంచంలో దాదాపు ప్రతి దేశమూ వీటిని ఒప్పుకుంది. మన దేశం 1950లోనే ఆమోదించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. కాబట్టి ఇవి మన పార్లమెంటు ఒప్పుకుని చట్టంగా చేసిన నియమాలే. 1977లో వచ్చిన రెండు అదనపు ప్రోటోకాళ్లలో మాత్రం భారత్ చేరలేదు.

ఇవి పడమటి దేశాల ఆలోచన అనేవారు సభల్లో ఎప్పుడూ ఒకరుంటారు. వారికి నేను అశ్వత్థామను గుర్తుచేస్తాను. కురుక్షేత్రంలో ఎంతమంది ఎంతమందిని చంపినా మనం వీరులనే అన్నాం. నిద్రపోతున్నవారిని రాత్రివేళ శిబిరంలో చొరబడి చంపిన అశ్వత్థామను మాత్రం మన పెద్దలు ఏ తరంలోనూ క్షమించలేదు. పోరాడలేనివాడిని చంపకూడదన్న ఎరుక ఈ నేలకు కొత్త కాదు.

పౌరులు చనిపోతే ఆ దాడి నేరమేనా?

ప్రతిసారీ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆనాటి బాంబు గుల్ల ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటారు. ఈ నాటి నియమాలతో ఆ దాడిని తూచాలంటే ముందు అడగవలసింది ఎవరైనా చనిపోయారా అని కాదు, దేన్ని గురిపెట్టారు అని. యుద్ధ సరంజామా దిగే హార్బరు, నౌకలు, చమురు ట్యాంకులు సైనిక లక్ష్యాలు. వాటిని కొట్టడం చట్టబద్ధం. ఊళ్లో జనాన్ని భయపెట్టడానికి బజారు మీద బాంబు వేస్తే అది నేరం.

లక్ష్యం సరైనదే అయినా రెండో ప్రశ్న మిగులుతుంది. ఆ దాడి వల్ల పౌరులకు కలుగుతుందని ముందే అంచనా వేయగలిగిన నష్టం, దానివల్ల దక్కే సైనిక ప్రయోజనంతో పోలిస్తే మితిమీరి ఉందా? ఒక ట్రక్కును కొట్టడం కోసం నిండుగా ఉన్న వార్డును కూల్చకూడదు. మూడోది జాగ్రత్త. లక్ష్యాన్ని సరిచూసుకోవడం, వీలైతే ముందుగా హెచ్చరించడం, జనం తక్కువగా ఉండే వేళను ఎంచుకోవడం కమాండరు బాధ్యతలు. ఈ మూడూ పాటించినా పౌరులు చనిపోతే అది ఘోరమైన విషాదమే అయినా నేరం కాకపోవచ్చు. ఈ మాట చెప్పడానికి నాకూ బరువుగానే ఉంటుంది. కానీ పౌరుడు చనిపోయిన ప్రతి ఘటననూ యుద్ధనేరమంటే, నిజంగా నేరమైనదాన్ని వేరుచేసి పట్టుకునే దారి మూసుకుపోతుంది.

నౌకాదళానికి ప్రత్యేకమైన నియమాలు ఉన్నాయా?

ఉన్నాయి. నేవీ ఊరు కాబట్టి ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవారికి లోపల ఎంత ఇరుకో తెలుసు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులోంచి తల వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. పక్క మీద ఒత్తిగిల్లి పడుకునే చోటు కూడా సరిగా ఉండదు. అలాంటి నౌక శత్రువు ఓడను ముంచింది, ముప్ఫై మంది నీళ్లలో తేలుతున్నారు. లోపల చోటు లేదు, ఏ క్షణంలోనైనా విమానం రావచ్చు. అప్పుడేం చేయాలి? పోరు ముగిశాక, వీలైనంతవరకు, ఆలస్యం లేకుండా ఓడ మునిగినవారిని వెతికి కాపాడాలని రెండో జెనీవా ఒప్పందం చెబుతోంది. 'వీలైనంతవరకు' అన్న మాట జలాంతర్గామి ఇబ్బందిని గుర్తిస్తుంది. ఎక్కించుకోలేకపోతే నేరం కాకపోవచ్చు. కానీ నీళ్లలో ఉన్నవారిని కాల్చడానికి మాత్రం ఏ పరిస్థితిలోనూ అనుమతి లేదు.

దీనిమీద రెండు పాత కేసులు ఇప్పటికీ పాఠాలుగా ఉన్నాయి. 1918 జూన్ 27న జర్మన్ జలాంతర్గామి ఒకటి లాండోవరీ కాజిల్ అనే కెనడా ఆసుపత్రి నౌకను ఐర్లండ్ తీరానికి దూరంగా ముంచింది. ఆ తరువాత సాక్ష్యం మిగలకూడదని లైఫ్ బోట్ల మీద కాల్పులు జరిపింది. 14 మంది నర్సులతో సహా 234 మంది చనిపోయారు. ఒక్క బోటులో 24 మంది బతికి బయటపడటం వల్ల విషయం లోకానికి తెలిసింది. కమాండరు తప్పించుకున్నాడు. అతడి కింద పనిచేసిన ఇద్దరు అధికారులకు 1921లో లైప్‌జిగ్‌లో జర్మన్ కోర్టే నాలుగేళ్ల శిక్ష వేసింది. సాక్షాత్తూ తమ దేశ న్యాయమూర్తులే, ఇది తప్పని ఎవరికైనా తెలిసే ఆదేశమనీ, దాన్ని పాటించామని చెప్పుకోవడం కుదరదనీ తేల్చారు.

రెండోది పెలియస్ కేసు. 1944 మార్చిలో అట్లాంటిక్‌లో ఆ గ్రీకు ఓడను ముంచిన హైంజ్ ఎక్ అనే జర్మన్ కమాండరు, తేలుతున్న చెక్కలు విమానాల కంట పడితే తన జాడ తెలిసిపోతుందని, తెప్పల మీద మెషిన్ గన్‌తో కాల్పులు జరిపించాడు. తన నౌకను, సిబ్బందిని కాపాడుకోవడానికి వేరే దారి లేదని హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు ముందు వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. 1945 నవంబరులో అతడితో పాటు ఇంకో ఇద్దరిని కాల్చి మరణశిక్ష అమలు చేశారు. మొదట అభ్యంతరం చెప్పి, తరువాత తానూ కాల్చిన ఇంజనీరుకు యావజ్జీవం పడింది. ఈ ఇంజనీరు గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. తప్పని తెలిసింది, నోరు తెరిచి చెప్పాడు కూడా. అయినా ట్రిగ్గరు నొక్కాడు.

1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన తీరానికి దగ్గరలోనే మునిగింది. అందులో ఒక్కరూ బతకలేదు. పోరులో అలా పోయినవారి విషయంలో ఎవరి మీదా నేరం ఉండదు. కానీ వారిలో ఒకరు బతికి కెరటాల మీద తేలి ఉంటే, అతడిని ఒడ్డుకు చేర్చి వైద్యం చేయించడం మన నావికుల చట్టబద్ధమైన విధి అయ్యేది.

పైఅధికారి చెప్పాడు కాబట్టి చేశానంటే చెల్లుతుందా?

మామూలు ఆదేశాల విషయంలో చెల్లుతుంది, చెల్లాలి కూడా. ప్రతి ఆదేశాన్నీ జవాను తర్కిస్తూ కూర్చుంటే సైన్యం నడవదు. భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతి 76వ సెక్షన్, చట్టం కోరిన మేరకు పైఅధికారి ఇచ్చిన ఆదేశంపై గుంపు మీద కాల్పులు జరిపిన సైనికుడు నేరస్థుడు కాడని ఉదాహరణతో సహా చెబుతుంది. అందులో కీలకమైనది 'చట్టం కోరిన మేరకు' అన్న షరతు.

బందీలను కాల్చు, పసిపిల్లలను చంపు అన్న ఆదేశానికి ఆ షరతు వర్తించదు. పైవాడి ఆదేశం నేరాన్ని మాపదనీ, శిక్షను తగ్గించడానికి మాత్రం పరిగణించవచ్చనీ, నాజీ నాయకులను విచారించిన నూరెంబర్గ్ న్యాయస్థానం నియమావళి 1945లో స్పష్టం చేసింది. వియత్నాంలోని మై లై గ్రామంలో 1968 మార్చి 16న అమెరికా సైనికులు వందలాది గ్రామస్థులను చంపారు. లెఫ్టినెంట్ విలియం కాలీ తనకు ఆదేశం ఉందన్నాడు. కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, 1971లో అతడికి యావజ్జీవం వేసింది. ఆ శిక్ష తగ్గుతూ తగ్గుతూ చివరికి మూడేళ్ల పైచిలుకు గృహనిర్బంధంగా ముగిసింది.

అదే రోజు అదే ఊళ్లో హ్యూ థామ్సన్ అనే హెలికాప్టర్ పైలట్ కూడా ఉన్నాడు. పారిపోతున్న గ్రామస్థులకు, వాళ్లను తరుముతున్న తన దేశపు సైనికులకు మధ్య హెలికాప్టర్ దింపాడు. గ్రామస్థుల మీద కాల్పులు జరిపితే తిరిగి కాల్చమని తన సిబ్బందికి చెప్పి, దొరికినవారిని బయటికి చేర్చాడు. ముప్ఫై ఏళ్ల తరువాత, 1998లో, అమెరికా సైన్యం ఆయనకు పతకం ఇచ్చింది. ఆ రోజు అక్కడ వేరే దారి లేదని అనేవారికి ఆయన చేసిన పనే జవాబు.

ఆదేశమిచ్చిన అధికారి సంగతి?

ఆదేశమిస్తే అతడూ నేరస్థుడే. ఆదేశమివ్వకపోయినా, తన కిందివారు నేరం చేస్తున్నారని తెలిసీ, లేదా తెలుసుకోవలసి ఉండీ, ఆపకపోతే, తరువాత శిక్షించకపోతే బాధ్యుడవుతాడు. ఫిలిప్పీన్స్‌లో తన బలగాలు చేసిన అకృత్యాలకు జపాను జనరల్ యమషితను 1946లో ఉరితీయడం ఈ సూత్రానికి మొదటి పెద్ద ఉదాహరణ. ఆయనకు ఏ మేరకు తెలుసో నిరూపించకుండానే శిక్షించారన్న విమర్శ ఇప్పటికీ ఉంది, ఆ విమర్శలో బలం ఉందని నేనూ అనుకుంటాను. మై లైలో కాలీ పైఅధికారి కెప్టెన్ మెడినా నిర్దోషిగా బయటపడ్డాడు. కిందివాడికి శిక్ష పడి పైవాడు తప్పించుకోవడం ఈ కేసుల చరిత్రలో చాలాసార్లు జరిగింది.

మన సైనికుడి మీద ఆరోపణ వస్తే విచారణ ఎక్కడ జరుగుతుంది?

సాధారణంగా మొదట కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే సైన్యం లోపల నిజానిజాలు తేల్చే ప్రాథమిక విచారణ, తరువాత ఆధారాల నమోదు, ఆపైన కోర్టు మార్షల్. 1950 నాటి సైనిక చట్టం 69వ సెక్షన్ ప్రకారం, హత్యలాంటి మామూలు నేరాలను కూడా కోర్టు మార్షల్ విచారించవచ్చు. 70వ సెక్షన్ ఒక మినహాయింపు పెట్టింది. బాధితుడు పౌరుడైనప్పుడు హత్య, హత్య కాని మానవవధ, అత్యాచారం కేసులను మామూలు క్రిమినల్ కోర్టే విచారించాలి. అయితే సైనికుడు 'యాక్టివ్ సర్వీసు'లో, అంటే పోరు విధుల్లో, ఉన్నా, దేశం వెలుపల ఉన్నా, ప్రభుత్వం ప్రకటించిన సరిహద్దు శిబిరంలో ఉన్నా కోర్టు మార్షల్‌కు మళ్లీ అధికారం వస్తుంది. 1957 నౌకాదళ చట్టంలోనూ ఏర్పాటు దాదాపు ఇలాగే ఉంది.

వీటితో పాటు 1960 జెనీవా ఒప్పందాల చట్టం మూడో సెక్షన్ ఉంది. ఒప్పందాల రక్షణలో ఉన్న మనిషిని ఉద్దేశపూర్వకంగా చంపినవారికి మరణశిక్ష లేదా యావజ్జీవం, ఇతర తీవ్ర ఉల్లంఘనలకు 14 ఏళ్ల దాకా జైలు. చదివితే చాలా గట్టి చట్టమనిపిస్తుంది. కానీ 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, ప్రభుత్వం నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోకూడదు. చనిపోయినవాడి భార్యకు, తండ్రికి ఈ చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లే దారి లేదు. ఈ చట్టంలో అన్నిటికంటే ముందు మార్చవలసింది ఇదేనని నా అభిప్రాయం.

సైనిక దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్నచోట సైనికుడిని అసలు విచారించలేరా?

ఆ చట్టం మన రాష్ట్రంలో లేకపోయినా, ఇక్కడి కుర్రాళ్లు అది అమల్లో ఉన్నచోట్ల పనిచేస్తున్నారు కాబట్టి ప్రశ్న మనదే. 1958 నాటి ఆ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, కేంద్రం ముందుగా అనుమతి ఇస్తే తప్ప సైనికుడి మీద ప్రాసిక్యూషన్ సాగదు. సుప్రీంకోర్టు 1997లో ఈ చట్టం చెల్లుతుందని చెబుతూనే, అధికారాల వాడకానికి కట్టుబాట్లు విధించింది. మణిపూర్‌లో 1,528 మంది చట్టవిరుద్ధంగా చనిపోయారన్న ఆరోపణలపై 2016 జులైలో తీర్పు ఇస్తూ, అలజడి ఉన్న ప్రాంతమైనంత మాత్రాన సైనికుడికి క్రిమినల్ కోర్టు నుంచి సంపూర్ణ రక్షణ ఉండదని స్పష్టం చేసింది.

మాట ఒకటి, ఆచరణ ఒకటిగా ఉంది. కాశ్మీర్‌లోని పథ్రీబల్‌లో 2000 మార్చిలో ఐదుగురిని ఉగ్రవాదులని చెప్పి చంపారు. వారు పౌరులని సీబీఐ తేల్చి ఐదుగురు సైనికాధికారుల మీద కేసు పెట్టింది. కోర్టు మార్షలా, క్రిమినల్ కోర్టా అన్నది సైన్యమే ఎంచుకోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పడంతో సైన్యం కేసు తీసుకుని, ఆధారాలు లేవని 2014లో మూసివేసింది. మాచిల్‌లో 2010లో ముగ్గురు గ్రామస్థులను చొరబాటుదారులని చెప్పి చంపిన కేసులో మాత్రం సైన్యం స్వయంగా కోర్టు మార్షల్ జరిపి, ఒక కర్నల్‌తో సహా పలువురికి యావజ్జీవం వేసింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ వారిలో ఐదుగురి శిక్షను నిలిపివేసి బెయిలిచ్చింది. నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర 2021 డిసెంబరు 4న బొగ్గు గని పని ముగించుకుని బండిలో ఇళ్లకు వెళ్తున్న ఆరుగురిని తీవ్రవాదులనుకుని ప్రత్యేక దళం కాల్చి చంపింది. ఆ తరువాతి ఘర్షణల్లో ఇంకా కొందరు పోయారు. రాష్ట్ర పోలీసులు 30 మంది మీద ఛార్జిషీట్ వేస్తే కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసుల విచారణను ముగించింది. అయితే అనుమతి ఎప్పుడైనా వస్తే మళ్లీ తెరవవచ్చని, సైన్యం క్రమశిక్షణ చర్య తీసుకోవడానికి అడ్డు లేదని చెప్పింది.

అనుమతి నిబంధన ఉండటాన్ని నేను పూర్తిగా వ్యతిరేకించను. కష్టమైన చోట పనిచేసే జవాను మీద కక్షతో కేసులు పెట్టే ప్రమాదం నిజమే. కానీ నిరాకరించినప్పుడు కారణాలను బాధితుల కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలి. పనికి వెళ్లిన కొడుకు శవమై వస్తే, ఎందుకు విచారించలేదో తెలుసుకునే హక్కయినా ఆ తల్లికి ఉండాలి.

మన్యంలో జరిగినవి, జరుగుతున్నవి యుద్ధమేనా? ఈ నియమాలు అక్కడ వర్తిస్తాయా?

1924 మే 7న అల్లూరి సీతారామరాజు మంపలో పట్టుబడ్డారు. కొయ్యూరుకు తీసుకువచ్చి, విచారణ లేకుండా బ్రిటిష్ అధికారి మేజర్ గుడాల్ ఆయనను కాల్చి చంపించాడు. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం ఇప్పటికీ చెప్పుకుంటుంది. తప్పించుకోబోతుంటే కాల్చామన్నది నాటి అధికారుల మాట. ఆ ఘటన మీద ఎవరికీ శిక్ష పడలేదు. దేశం లోపలి సాయుధ పోరులో బందీలను చంపరాదని చెప్పే అంతర్జాతీయ నియమం అప్పటికి లేదు. 1949లో నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణతో అది వచ్చింది. తిరుగుబాటుదారుడైనా సరే, చేతికి చిక్కాక చంపకూడదు. సక్రమమైన కోర్టు తీర్పు లేకుండా మరణశిక్ష అమలు చేయకూడదు. ఇదే నియమం తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన పోలీసుకూ, ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసిన గిరిజనుడికీ వర్తిస్తుంది.

ఇటీవలి మావోయిస్టు పోరును భారత ప్రభుత్వం యుద్ధంగా గుర్తించలేదు, శాంతిభద్రతల సమస్యగానే చూసింది. అలా చూస్తే పోలీసుకు వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. యుద్ధంలో శత్రువును కనబడగానే కాల్చవచ్చు. శాంతిభద్రతల చట్టం కిందనైతే ప్రాణరక్షణకు తప్పనిసరైనప్పుడే కాల్చాలి. అందుకే ఎన్‌కౌంటర్ మరణాలన్నిటిలోనూ ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ ఉండాలని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో ఆదేశించింది.

1971 యుద్ధంలో లొంగిపోయిన పాకిస్తాన్ సైనికుల మీద విచారణ ఎందుకు జరగలేదు?

దాదాపు 93,000 మంది మన అధీనంలోకి వచ్చారు. వారిలో 195 మందిని తూర్పు బెంగాల్‌లో జరిపిన అకృత్యాలకు విచారించాలని బంగ్లాదేశ్ పట్టుబట్టి, 1973లో అంతర్జాతీయ నేరాల చట్టం కూడా చేసింది. వారిని అప్పగించకుండా ఆపాలని పాకిస్తాన్ అదే ఏడాది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, చర్చలు మొదలయ్యాక కేసు వెనక్కి తీసుకుంది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందంతో ఆ 195 మందీ వెళ్లిపోయారు. బంగ్లాదేశ్‌కు పాకిస్తాన్ గుర్తింపు, పాకిస్తాన్‌లో చిక్కుకున్న బెంగాలీల రాక, ఉపఖండంలో శాంతి బదులుగా దక్కాయి. అప్పటి నాయకుల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా న్యాయం బేరానికి పెట్టిన వస్తువైంది.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మన సైనికుడిని పిలిపించగలదా?

మామూలుగా పిలిపించలేదు. 2002 జులై 1న మొదలైన ఆ కోర్టులో భారత్ సభ్యదేశం కాదు. భద్రతా మండలికి ఎక్కువ అధికారం ఇచ్చారనీ, అణ్వాయుధ ప్రయోగాన్ని నేరాల జాబితాలో చేర్చలేదనీ మన అభ్యంతరాలు. సభ్యదేశపు నేల మీద నేరం జరిగితే, లేదా భద్రతా మండలి అప్పగిస్తే మాత్రం సభ్యత్వం లేని దేశపు పౌరుడి మీదా దానికి అధికారం వస్తుంది. అప్పుడు కూడా సొంత దేశం నిజాయితీగా విచారిస్తుంటే ఆ కోర్టు తప్పుకుంటుంది. ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో వెళ్లిన మన జవాన్ల మీద విచారణాధికారం ఒప్పందాల ప్రకారం మన దేశానిదే.

పోరు వేడిలో చేసిన పనిని చల్లటి గదిలో కూర్చుని తీర్పు చెప్పడం న్యాయమా?

మాజీ సైనికులు అడిగే ప్రశ్న ఇది. అడిగే హక్కు వారికి ఉంది. చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. 1948లో నూరెంబర్గ్‌లో జర్మన్ జనరల్ రెండులిచ్ మీద నార్వేలోని ఊళ్లను అనవసరంగా తగలబెట్టించాడన్న ఆరోపణను కోర్టు కొట్టివేసింది. వెనక్కి తిరిగి చూస్తే అవసరం లేని పనే అయినా, ఆ రోజు ఆయనకు అందిన సమాచారాన్ని బట్టి అవసరమని నిజాయితీగా నమ్మడానికి ఆస్కారం ఉందని చెప్పింది. నిజాయితీగా చేసిన పొరపాటును నేరమనకూడదన్నది అప్పటి నుంచి నిలిచిన సూత్రం.

బ్రిటిష్ మెరైన్ సార్జెంటు అలెగ్జాండర్ బ్లాక్‌మన్ కేసు వేరు. 2011 సెప్టెంబరులో అఫ్ఘానిస్తాన్‌లోని హెల్మండ్‌లో, హెలికాప్టర్ కాల్పుల్లో తీవ్రంగా గాయపడి పొలంలో పడి ఉన్న తాలిబన్ మనిషి ఛాతీ మీద పిస్టలుతో కాల్చాడు. తాను జెనీవా ఒప్పందాన్ని ఉల్లంఘించానని తోటివారితో అన్న మాట కూడా ఒకరి హెల్మెట్ కెమెరాలో నమోదైంది. 2013లో హత్యగా యావజ్జీవం పడింది. నెలల తరబడి అనుభవించిన ఒత్తిడి వల్ల అతడి మానసిక స్థితి దెబ్బతిన్నదన్న వైద్య నిపుణుల సాక్ష్యంతో 2017లో దాన్ని హత్య కాని మానవవధగా మార్చి ఏడేళ్లకు తగ్గించారు. నాకు ఇది సరైన దారిగా కనిపిస్తుంది. నేరం నేరంగానే నిలిచింది, మనిషి అలసటనూ లెక్కలోకి తీసుకున్నారు. అలాంటి సైనికుడిని విశ్రాంతి లేకుండా అన్ని నెలలు అక్కడే ఉంచినవారిని ఏ కోర్టూ అడగలేదన్నదే వెలితి.

ఇన్ని నియమాలున్నా శిక్షలు ఎందుకు ఇంత అరుదు?

యుద్ధభూమిలో పంచనామా ఉండదు. శవాన్ని త్వరగా పూడ్చేస్తారు, తూటాలు ఏరేవారుండరు. సాక్షులు చాలాసార్లు నిందితుడి సహచరులే, వారి ప్రాణాలు ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నవి. చనిపోయినవాడి బంధువులు వేరే భాషలో, వేరే దేశంలో, భయంతో ఉంటారు. ఆస్ట్రేలియాలో న్యాయమూర్తి బ్రెరెటన్ జరిపిన విచారణ, అఫ్ఘానిస్తాన్‌లో తమ దేశ సైనికులు 39 మందిని చట్టవిరుద్ధంగా చంపారనడానికి నమ్మదగిన సమాచారం ఉందని 2020 నవంబరులో చెప్పింది. అంత సమగ్రమైన నివేదిక తరువాత కూడా మొదటి నిందితుడి మీద యుద్ధనేరంగా హత్య అభియోగం నమోదు కావడానికి 2023 మార్చి దాకా పట్టింది.

విచారణలు సైన్యం మనోబలాన్ని దెబ్బతీయవా?

నేను మాట్లాడిన పాత సైనికుల్లో చాలామంది దీనికి ఇచ్చిన జవాబు నా జవాబు కంటే గట్టిగా ఉంది. బందీని చంపేవాడు రేపు చిక్కబోయే తన జవానును కూడా చంపుతున్నట్టేనని వారు అంటారు. లొంగిపోయినా చావు తప్పదని తెలిసిన శత్రువు చివరి తూటా దాకా కాలుస్తాడు. ఆ తూటాలు తగిలేది మనవాళ్లకే. నియమం పాటించిన వందమంది పేరు కూడా పాటించని ఒకడి వల్ల మసకబారుతుంది. ఆ ఒకడిని వేరుచేసి చూపేది విచారణే.

మా ఇంటి కుర్రాడి మీద ఇలాంటి ఆరోపణ వస్తే మేం ఏం చేయాలి?

ఒక సభ అయిపోయాక ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. "మావోడు కాశ్మీర్లో ఉన్నాడు బాబూ. రేపు ఎవుడైనా కేసు ఎడితే మాలాంటోళ్లం ఎక్కడికి ఎల్తాం?" అని అడిగారు. ఆమె చేతిలో కొడుకు యూనిఫాంలో దిగిన ఫోటో లామినేషన్ చేయించినది ఉంది. ఆమెకు చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను.

కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో తన ప్రతిష్ఠకు భంగం కలిగే అవకాశం ఉంటే, సైనిక నియమావళి 180వ నియమం ప్రకారం విచారణ మొత్తంలో హాజరై ఉండే హక్కు, సాక్షులను ప్రశ్నించే హక్కు, తన సాక్షులను పిలిపించుకునే హక్కు అతడికి ఉంటాయి. ఆ హక్కును అప్పుడే వాడుకోవాలి. తరువాత చూద్దామని వదిలేస్తే ఆ కాగితాల మీదే కేసు నిలబడుతుంది. చదవకుండా దేనిమీదా సంతకం చేయకూడదు. కోర్టు మార్షల్‌లో తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకోవచ్చు. శిక్ష పడితే 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు, మన రాష్ట్రానికి చెన్నై బెంచి. ఇంట్లో వాళ్లు అతడి సర్వీసు నంబరు, యూనిట్ పేరు, ఘటన తేదీ రాసి పెట్టుకోవాలి. జరిగినదాన్ని గురించి ఫోన్లో, వాట్సాప్‌లో చర్చించకూడదు.

ఇంకొక మాట కూడా ఆవిడకు చెప్పాను. అతడు చేసినది ఆదేశం ప్రకారం జరిగిన సక్రమమైన కాల్పు అయితే, ఆ సంగతి విచారణలో తేలడమే అతడికి అన్నిటికంటే పెద్ద రక్షణ. ఆవిడ ఫోటోను చీర కొంగులో చుట్టుకుని, 180 అన్న అంకెను చిన్న కాగితం మీద రాసివ్వమని అడిగి తీసుకెళ్లారు.